జెద్దా నుంచి గద్వాలకు మూడూ ముప్పావు

వనపర్తి బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో, పొయ్యికి కుడిపక్క బల్ల మీద, పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఫకీర్ సాబ్ కూర్చునేవాడు. ఆ బల్ల మీద ఇంకెవరూ కూర్చోకూడదని ఎక్కడా రాసి లేదు. అయినా ఎవరూ కూర్చునేవారు కాదు. పెద్దమనిషికి ఇచ్చే మర్యాద అది.

ఆయన పుట్టింది వీపనగండ్లలో. చదివింది ఆ ఊరి బడిలోనే, ఏడో తరగతి. అయితేనేం, ముప్పై ఒక్క సంవత్సరాలు బస్సు కండక్టరుగా పనిచేసి, 2005లో మెడలో దండతో రిటైరైన ఆ మనిషి సాధించినవన్నీ చెబుతూ పోతే ఒక పుస్తకం చాలదు. కొన్నయినా చెప్పకపోతే మాత్రం అన్యాయం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. ఈ మూడింటి మధ్య ఆయన తిరిగిన దూరం భూమి చుట్టూ నలభై ఆరు చుట్లకు సమానం. లెక్క ఆయనే కట్టాడు. నలభై ఆరు చుట్లు తిరిగి కూడా పాలమూరు జిల్లా దాటకపోవడం ఇంకెవరి వల్లనైనా అవుతుందా? బస్సులో కళ్లు మూసుకొని కునుకు తీస్తున్నా, కుదుపును బట్టి ఏ ఊరొచ్చిందో చెప్పేవాడు. ఒకసారి గురక పెడుతూనే "పెబ్బేరు దిగేటోళ్లు ముందుకు రాండ్రి" అన్నాడు. కిటికీలోంచి చూస్తే పెబ్బేరే. ఖిల్లా ఘణపూర్ దారిలో ఒక కిలోమీటరు రాయి అబద్ధం చెబుతోందని మూడుసార్లు అర్జీ పెట్టాడు. నాలుగో ఏట ఆ రాయి మారింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాళ్లన్నీ మారాయని కొందరంటారు. అనేవాళ్లు ఏమైనా అంటారు.

ఆయన దూరం చెప్పే పద్ధతి కూడా వేరు. ఉత్త కిలోమీటర్లు చెప్పి ఊరుకునేవాడు కాదు. "గోపాల్‌పేట మీదుగ నాగర్‌కర్నూల్ అంటవా? మామూలు రోజైతే గంటంబావు. అంగడి రోజైతే గంటన్నర. అంగడి రోజు మేకలు గిట్ల ఎక్కితే దేవుని దయ" అని విడమరిచి చెప్పేవాడు. కోర్టు వాయిదాకు పోయేవాళ్లు, దవాఖానకు పోయేవాళ్లు, పిల్లను చూడబోయేవాళ్లు ముందు ఆయన బల్ల దగ్గరికి వచ్చి, ఆ తర్వాతే బస్సెక్కేవారు. ఆయన చెప్పిన టైముకు చేరనివాడు లేడు. చేరకపోతే బస్సుదే తప్పు.

అయితే కాలం మారింది. వీధికొకరు దుబాయికో, జెద్దాకో, మస్కట్‌కో పోవడం మొదలైంది. ఒకరోజు ఒకాయన వచ్చి, "సాబ్, హైదరాబాద్ నుంచి మస్కట్ ఎంత దూరం, ఎంతసేపట్ల పోతది ఇమానం?" అని అడిగాడు. ఫకీర్ సాబ్ జీవితంలో మొదటిసారి "రేపు రా" అన్నాడు. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే హైస్కూలు హెడ్మాస్టరు ఏసురత్నం సార్ దగ్గరికి వెళ్లి, బడి భూగోళాన్ని అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. దాని స్టాండు ఎప్పుడో విరిగిపోయింది. అందుకని భార్య ఖతీజాబీ దాన్ని గుమ్మడికాయలా ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే, ఆయన రీలు దారంతో కొలిచాడు. భూమి నడుము చుట్టూ దారం చుడితే నలభై వేల కిలోమీటర్లు. అదే దారం హైదరాబాద్ నుంచి మస్కట్‌కు ఎంత పట్టింది, దుబాయికి ఎంత పట్టింది, జెద్దాకు ఎంత పట్టింది అని ముడులు వేసి లెక్క తీశాడు. విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లు పోతుందని ఏసురత్నం సార్ పుస్తకంలో చూసి చెప్పాడు. ఇక కావలసిందేముంది? వారం తిరిగేసరికి "గాలి దూరాలు" అని అట్ట మీద రాసిన నోటుబుక్కు తయారైంది.

"ఇమానం ఎక్కకుంటనే ఇమానం దూరం చెప్తవా?" అని ఖతీజాబీ అడిగింది.

"లారీ ఎక్కకుంటనే లారీ దూరం చెప్పలేదా?" అన్నాడు ఫకీర్ సాబ్.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లను పిలిచి అడిగేవాడు. వాళ్లు విమానంలో నిద్రపోయామనీ, సినిమా చూశామనీ, ఎంతసేపు పట్టిందో గుర్తులేదనీ అనేవాళ్లు. అందువల్ల ఆయన లెక్క తప్పని ఎవరూ రుజువు చేయలేకపోయారు. అది కూడా ఒక ఘనతే.

2008 మే నెలలో ఈ ఘనతకు పరీక్ష వచ్చింది.

ఫకీర్ సాబ్ అక్క కొడుకు మునవ్వర్ జెద్దాలో వ్యాను నడిపేవాడు. తండ్రి లేడు కాబట్టి వాడికి పెద్దదిక్కు మేనమామే. గద్వాల రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే పర్వేజ్ సాబ్ కూతురు తహసీన్‌తో నిఖా కుదిరింది. మునవ్వర్‌కు దొరికిన సెలవు తొమ్మిది రోజులు. పెళ్లి అయ్యాక పిల్లతో ఎక్కువ రోజులు ఉండాలంటే దిగిన రోజే నిఖా జరగాలి. అక్కడిదాకా అందరూ ఒప్పుకున్నారు. ఏ టైముకు అనే దగ్గర వచ్చింది పేచీ.

గద్వాలలో పర్వేజ్ సాబ్ ఇంట్లో రెండు పక్షాలవాళ్లూ కూర్చున్నారు. పర్వేజ్ సాబ్ మునవ్వర్ పంపిన కాగితం తీసి, రైల్వే మనిషి కాబట్టి అక్షరం వదలకుండా చదివాడు.

"జెద్దాల పొద్దున ఆరింటికి లేస్తది. శంషాబాద్‌ల పగటీలి ఒకటీ ముప్పావుకు దిగుతది. సామాన్లకు ఒక గంట, దారికి మూడున్నర గంటలు. గద్వాలకొచ్చేసరికి ఆరుంబావు. పొద్దుగూకినంక మగ్రిబ్, రాత్రి ఇషా నమాజులు అయినంక నిఖా పెట్టుకుందం. ఏమంటరు ఫకీర్ భాయ్?"

ఫకీర్ సాబ్ నవ్వాడు. పెద్ద నోటు పట్టుకొని చిల్లర టికెట్ అడిగినవాడిని చూసి కండక్టరు నవ్వే నవ్వు అది.

"ఆరు నుంచి ఒకటీ ముప్పావు అంటే ఎన్ని గంటలు?"

"ఏడూ ముప్పావు."

"దూరం ఎంత? నాలుగు వేల నూరు కిలోమీటర్లు. నా దారం లెక్క. గంటకు ఎనిమిది వందలు. ఐదుంబావు గంటలకు మించి ఒక్క నిమిషం పట్టదు. మరి మిగిలిన రెండున్నర గంటలు ఏడ పోయినయ్?"

అందరూ వేళ్ల మీద లెక్కపెట్టారు. ఏడూ ముప్పావులోంచి ఐదుంబావు తీస్తే రెండున్నర మిగులుతుంది. ఎవరు తీసినా అంతే మిగులుతుంది.

"ఏడ పోయినయ్?" అన్నాడు పర్వేజ్ సాబ్.

"హోటల్ల పోయినయ్."

అది విని కూర్చున్నవాళ్లు కొందరు తలలు ఊపారు. దూరం బస్సు ఎక్కినవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. దారిలో ఊరికి దూరంగా ఏదో ఒక హోటలు ముందు బస్సు ఆగుతుంది. ప్రయాణికులు అడిగినా అడగకపోయినా ఆగుతుంది. డ్రైవరుకూ కండక్టరుకూ లోపల తెర వెనక ఆకు వేసి, కోడికూర వడ్డిస్తారు. అంతమందిని తోలుకొచ్చినందుకు వాళ్ల భోజనం ఉత్తదే. వాళ్లు చేతులు కడుక్కున్నాకే బస్సు కదులుతుంది. ఆ టైము కూడా కలుపుకొనే ప్రయాణం టైము చెబుతారు.

"ముప్పై ఒక్క ఏండ్లు నేను తినలేదా?" అన్నాడు ఫకీర్ సాబ్, ఏమీ దాచకుండా. "ఇమానం నడిపేటోడు మనిషి కాదా, ఆకలి కాదా? ఏడనో మధ్యల దించి రెండున్నర గంటలు తింటుండు. బిర్యానీ అయుంటది, గంత సేపు పట్టిందంటే. కానీ మన మునవ్వర్ ఎక్కేది డైరెక్ట్ ఇమానం. ఏడ ఆగదు. టికెట్ ఇచ్చినోడే చెప్పిండు. ఆగనప్పుడు హోటల్ టైము ఎందుకు కలపాలె? ఆరింటికి లేస్తే పదకొండుంబావుకు శంషాబాద్. మూడూ ముప్పావుకు గద్వాల."

"టికెట్ మీద రాసుంది కద, భాయ్."

"అచ్చు ఏసినోడు పాత ఆగుడు టైమే ఏసిండు. మార్చడానికి బద్ధకం."

"రైల్వేల రాసిన టైమే టైము."

"రాసిన టైముకే రైళ్లొస్తే ప్లాట్‌ఫారం మీద గన్ని చాయ్ దుకాణాలు ఎందుకు నడుస్తున్నయ్, పర్వేజ్ భాయ్?"

గదంతా గొల్లుమంది. పర్వేజ్ సాబ్ మొహం ఎర్రబడింది.

తలుపు పక్కన ఆడవాళ్లలోంచి ఖతీజాబీ గొంతు వినిపించింది. "అజీ, జర ఒక మాట. నేను మునవ్వర్‌కు మగ్రిబ్ అయినంక ఫోన్ చేస్త కద. ఎప్పుడు చేసినా, 'ఇక్కడ ఇంకా మగ్రిబ్ అజానే కాలేదు అత్తమ్మా' అంటడు. ఆడ పొద్దు మనకంటె ఎనకకు ఉంటదేమో."

"వాడు నమాజ్ ఎగ్గొట్టడానికి చెప్పే సాకులు అయ్యి" అన్నాడు ఫకీర్ సాబ్. "పొద్దు అందరికీ ఒక్కటే. జెద్దాకు వేరే పొద్దు చేయించిండ్రా?"

మళ్లీ గొల్లుమన్నారు. ఖతీజాబీ ఊరుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల సంసారంలో ఎప్పుడు ఊరుకోవాలో ఆమెకు తెలుసు.

పర్వేజ్ సాబ్ కష్టం వేరు. ఆ రోజు ఖాజీ సాబ్‌కు ఆత్మకూరులో ఇంకో నిఖా ఉంది. పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయిన వెంటనే ఇక్కడ నిఖా చదివించి, అక్కడికి పోవాలి. లేదంటే అక్కడ ముగించుకొని ఇషా తర్వాతే ఇక్కడికి రాగలడు. మధ్యలో దొరకడు. దేగ్ అనే పెద్ద వంటపాత్రలో నాలుగు వందల మందికి బిర్యానీ. దేగ్‌ మూతకు పిండి పెట్టి దమ్ ఎక్కించారంటే ఇక పెళ్లికొడుకు కోసం అది ఆగదు.

"మీరన్నట్టు మూడూ ముప్పావుకు వస్తే మంచిదే. రాకుంటే?" అన్నాడు పర్వేజ్ సాబ్. "నాలుగు వందల మంది ముందర నేను ఏం చెప్పాలె?"

ఫకీర్ సాబ్ లేచి నిలబడ్డాడు. టోపీ సర్దుకున్నాడు.

"మూడూ ముప్పావుకు పిలగాడు మీ గుమ్మం ముందర లేకుంటే, ఇగ ఈ నోటితోని ఏ ఊరి దూరం చెప్ప. వనపర్తి నుంచి పెబ్బేరు ఎంతనో చిన్నపోరడు అడిగినా చెప్ప. హోటల్ల ఆ బల్ల మీద కూర్చో. ఇంటి నుంచి మజీదు, మజీదు నుంచి ఇల్లు."

దూరం చెప్పని ఫకీర్ సాబ్‌ను ఎవరూ ఊహించలేకపోయారు. ఆయన కూడా ఊహించలేకపోయాడు. కానీ అనేశాడు.

"మాట మీద ఉంటరా?" అన్నాడు పర్వేజ్ సాబ్.

"నేను అన్న మాట ఎప్పుడన్న ఎనకకు పోయిందా?"

అసర్ తర్వాతే నిఖా అని ఖాయమైంది.

పెళ్లి రోజు తెల్లవారగానే ఫకీర్ సాబ్ బాలన్న జీపులో బయలుదేరాడు. బాలన్న మునుపు బస్సు డ్రైవరు. పదకొండేళ్లు ఫకీర్ సాబ్ విజిలుకు బండి ఆపినవాడు. పూలు కట్టించిన జీపు పదిన్నరకు శంషాబాద్ చేరింది. అప్పటికి ఆ విమానాశ్రయం తెరిచి రెండు నెలలే. నేల చూస్తే మొహం కనిపిస్తోంది. బాలన్న చెప్పులు చేతిలో పట్టుకొని నడవబోతే ఫకీర్ సాబ్ వారించాడు.

"ఏసుకో. ఇది బస్టాండే. జర కడిగిండ్రు, అంతే."

పదకొండుంబావు అయింది. జెద్దా విమానం జాడ లేదు. పదకొండున్నర అయింది. గాజు తలుపుల్లోంచి సూట్‌కేసులు తోసుకుంటూ ఎవరెవరో వస్తున్నారు. వాళ్లలో మునవ్వర్ లేడు. పైన వేలాడే బోర్డు మీద జెద్దా పక్కన ఒకటీ నలభై ఐదు అని ఉంది.

"బోర్డు గూడ పాతదే పెట్టిండ్రు" అన్నాడు ఫకీర్ సాబ్.

పన్నెండు కాగానే విచారణ కిటికీ దగ్గరికి వెళ్లాడు. అక్కడ టై కట్టుకున్న ఒక యువకుడు ఉన్నాడు. రొమ్ము మీద క్రాంతి కుమార్ అని పేరు పట్టీ.

"బాబూ, జెద్దా ఇమానం ఏ హోటల్ కాడ ఆగింది?"

"హోటలా? ఏడ ఆగదు సార్. డైరెక్ట్. ఒకటీ నలభై ఐదుకు కరెక్ట్ టైముకే వస్తుంది."

"డైరెక్ట్ అయితే ఐదుంబావు గంటలు కద పట్టాలె?"

"అవును సార్, ఐదుంబావే పడ్తది."

"ఆరింటికి లేచింది కద?"

"ఆరింటికే లేచింది సార్."

"మరి ఆరుకు ఐదుంబావు కలిపితే పదకొండుంబావు కాదా? బళ్లె నీకు ఏం చెప్పిండ్రు?"

క్రాంతి కుమార్‌కు విషయం అర్థమైంది. నవ్వు ఆపుకున్నాడు. పిల్లవాడు మంచివాడు.

"పదకొండుంబావే సార్. కానీ జెద్దాల పదకొండుంబావు. అప్పుడు మనకు ఒకటీ ముప్పావు. పొద్దు మనకాడ ముందు పొడుస్తది, ఆడికి పోయేసరికి ఎనక అయితది. రెండున్నర గంటల తేడా. టికెట్ మీద లేచేది వాళ్ల టైము, దిగేది మన టైము ఏస్తరు."

ఫకీర్ సాబ్ కిటికీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. చివరి ఆశగా అడిగాడు. "మీది ఏ ఊరు?"

"నాగర్‌కర్నూల్ సార్."

"నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి ఎంతసేపు?"

"గోపాల్‌పేట మీదుగనా? మామూలు రోజైతే గంటంబావు సార్. అంగడి రోజు చెప్పలేం."

దాంతో ఆ ఆశ కూడా పోయింది. ఇంత సరిగ్గా చెప్పినవాడు పొద్దు విషయంలో మాత్రం తప్పెందుకు చెబుతాడు?

"మీకు ఇంకో ముచ్చట చెప్పాల్నా సార్?" అన్నాడు క్రాంతి కుమార్, ఓదార్చాలని. "మన నాగర్‌కర్నూల్‌ల పొద్దు పొడిసినంక రెండు నిమిషాలకు గద్వాలల పొడుస్తది. గడియారాలు ఒక్కటే పెట్టుకున్నం కాబట్టి మనకు తెల్వదు."

ఫకీర్ సాబ్ వచ్చి సామాన్ల బండి మీద కూలబడ్డాడు. ముప్పై ఒక్క సంవత్సరాలు నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలకు పోయిన ప్రతిసారీ రెండు నిమిషాలు మిగిలాయి. తిరిగొచ్చిన ప్రతిసారీ రెండు నిమిషాలు పోయాయి. ఒక్కరోజు కూడా ఆయన పట్టుకోలేకపోయాడు. జెద్దా సంగతి కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

బాలన్న ఫోను మోగింది. పర్వేజ్ సాబ్.

"దిగిండా?"

ఫకీర్ సాబ్ ఫోను తీసుకొని, "ఇంకా దిగలే" అన్నాడు.

"మరి దేగ్ ఎక్కించమంటరా, ఆగమంటరా? వంటాయన అడుగుతుండు."

ఫకీర్ సాబ్ ఫోను మళ్లీ బాలన్న చేతిలో పెట్టాడు. బాలన్న ఫోను ఆపే మీట నొక్కేశాడు. గద్వాలలో వంటమనిషి అది ఒప్పుకోలు అనుకొని దేగ్ ఎక్కించాడు.

"సాబ్, గింత పరేషాన్ ఎందుకు?" అన్నాడు బాలన్న. "టైరు పంచరైందని చెప్దం. రెండు టైర్లు అని చెప్దం. ఎవరు చూసొచ్చిండ్రు?"

"లేదు బాలన్నా. నా సర్వీసుల ఒక్కసారన్న తప్పు పంచరు మీదికి తోసిన్నా?"

"నాలుగైదు సార్లు తోసినం, సాబ్."

"అప్పుడు నిజంగ పంచరైంది."

ఏదేమైనా ఫకీర్ సాబ్ నిర్ణయం నిర్ణయమే. దేనిమీదా నెపం పెట్టకుండా నలుగురి ముందు తప్పు ఒప్పుకోవడమే తన మర్యాద అనుకున్నాడు. ఇది కూడా ఆయన ఘనతల్లో కలపవలసిందే.

ఒకటీ నలభై ఐదుకు విమానం దిగింది. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. రెండూ ముప్పావుకు మునవ్వర్ బయటికొచ్చాడు. సూటు వేసుకొని, ఒళ్లంతా అత్తరు పూసుకొని, మామను గట్టిగా కౌగిలించుకున్నాడు.

"మామూ, ఎన్నింటికి పోతం గద్వాలకు?"

ఫకీర్ సాబ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "బాలన్నను అడుగు."

మునవ్వర్ భయపడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక మామ ఈ ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం చూడలేదు. జడ్చర్ల దాటాక మళ్లీ కదిపాడు. "మామూ, కొత్తకోట ఇంకా ఎంత దూరం?"

"రాళ్లున్నయ్ కద రోడ్డు పక్కన. చదువుకో."

మునవ్వర్ బాలన్న చెవిలో, "అత్తమ్మకు మంచిగనే ఉంది కద?" అని అడిగాడు. బాలన్న జరిగింది చెప్పాడు. మునవ్వర్ తలపట్టుకున్నాడు. "నన్నొక్క మాట అడిగితే అయిపోవు కద మామూ!"

"నిన్ను అడిగేటోన్నయితే నేను దూరాలు ఎందుకు చెప్త?" అన్నాడు ఫకీర్ సాబ్. దారి పొడుగునా ఆయన మాట్లాడింది అంతే. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే వంతెన పొడవు చెప్పబోయి, నోరు మూసుకున్నాడు. దవడ కదలడం బాలన్న అద్దంలో చూశాడు. పాపం అనిపించింది.

గద్వాలలో ఈలోపు జరగవలసింది జరిగింది. నాలుగున్నరకు దమ్ దిగింది. అసర్ నమాజు అయింది. ఖాజీ సాబ్ గడియారం చూసి చూసి, ఇషా తర్వాత వస్తానని చెప్పి ఆత్మకూరు వెళ్లిపోయాడు. షామియానా కింద నాలుగు వందల మందికి బిర్యానీ వాసన కొడుతోంది. గంటసేపు ఓపిక పట్టారు. తర్వాత ఒక ముసలాయన, "నిఖా మాపటికైనా అయితది. బిర్యానీ మాపటికి గిట్ల ఉండదు" అన్నాడు. అది న్యాయంగా తోచింది. అందరూ భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నారు.

ఆరుంబావుకు జీపు వచ్చి గుమ్మం ముందు ఆగింది. అప్పటికి జనం తిని, చేతులు కడుక్కొని, పళ్లు కుట్టుకుంటూ ఉన్నారు. పర్వేజ్ సాబ్ మాత్రం తినలేదు. చేతులు వెనక్కి కట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు.

ఫకీర్ సాబ్ ముందు దిగాడు. అందరికీ వినబడేలా చెప్పాడు.

"మూడూ ముప్పావు అన్న. ఆరుంబావు అయింది. పంచరు కాలేదు, ఇమానం ఆలస్యం కాలేదు. తప్పు నాదే. పర్వేజ్ భాయ్, మీరు చదివిన టైమే టైము."

పర్వేజ్ సాబ్ పొద్దున్నుంచి ఎన్నో మాటలు కూడబెట్టుకొని ఉన్నాడు. ఇలా ఒప్పుకుంటాడని అనుకోలేదు. కూడబెట్టినవన్నీ వృథా అయ్యాయి. ఒక్కటే మిగిలింది.

"మరి ఇగ దూరం చెప్పరా?"

"చెప్ప."

"వనపర్తి నుంచి పెబ్బేరు?"

ఫకీర్ సాబ్ పెదవులు కదిలాయి. ఆయన గట్టిగా నోరు మూసుకొని తల అడ్డంగా ఊపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు వెనక ఖతీజాబీ కొంగుతో మొహం తుడుచుకుంది.

మగ్రిబ్ అజాన్‌కు టైమవుతోంది. మునవ్వర్ నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకోవడానికి సూటు చేతులు పైకి మడిచి, చేతి గడియారం విప్పి, ఎదురుగా ఉన్న కాబోయే మామ చేతిలో పెట్టాడు. పర్వేజ్ సాబ్ అలవాటుగా దాని మొహం చూశాడు. రైల్వే మనిషి గడియారం చూడకుండా ఉండలేడు.

"ఇదేంది, ఆగిపోయిందా?" అని చెవి దగ్గర పెట్టుకున్నాడు. టిక్కు టిక్కుమంటోంది. "నాలుగుకు పది తక్కువ చూపిస్తుంది."

"మార్చలే సాబ్" అన్నాడు మునవ్వర్, మోచేతుల నుంచి నీళ్లు కారుతుండగా. "జెద్దా టైమే ఉంది."

ఫకీర్ సాబ్‌కు లెక్క తట్టింది. దెబ్బ తిన్న కోడిపుంజు లేచినట్టు లేచాడు.

"నాలుగుకు పది తక్కువనా? అందుల నేను తప్పు ఒప్పుకునుడుకు పోయింది ఐదు నిమిషాలు! ఐదు తీసెయ్యిండ్రి! ఎంతైతది? మూడూ ముప్పావు!"

షామియానా అంతా లేచి వచ్చింది. గడియారం చేతులు మారింది. అందరూ చూశారు.

"అది జెద్దా గడియారం, ఫకీర్ భాయ్. పెండ్లి గద్వాలల" అన్నాడు పర్వేజ్ సాబ్.

"పెండ్లి ఎవరిది? గడియారం ఎవరిది? నేను పిలగాడు మూడూ ముప్పావుకు వస్తడన్న. పిలగాడు వచ్చిండు, పిలగాని చేతికి మూడూ ముప్పావు అయింది. నేను గద్వాల గడియారం అని ఎప్పుడన్న అన్ననా?"

"మరి నాలుగు వందల మంది గద్వాల గడియారం ప్రకారం ఆకలితోని కూసున్నరు కద!"

"ఏడ ఆకలి? అందరూ తిన్నరు. నేనే తినలే."

జనం తిన్న మాట నిజమే. తిన్న జనం ఎవరి మీదా కోపంగా ఉండలేకపోయారు. కడుపు నిండినవాళ్ల న్యాయం మెత్తగా ఉంటుంది. జెద్దా గడియారం లెక్కలోకి వస్తుందని సగం మంది, రాదని సగం మంది త్రేనుస్తూ వాదించుకున్నారు. ఎటూ తేలలేదు.

అప్పుడు ఆడవాళ్ల గదిలోంచి పెళ్లికూతురి తల్లి ముబషిరా తలుపు దగ్గరికి వచ్చింది. "ఏమండీ, తహసీన్ ఒక మాట అడుగుతుంది."

"ఏమంట?" అన్నాడు పర్వేజ్ సాబ్.

"వచ్చే ఏడు నన్ను గూడ జెద్దా తోల్కపోతరంట కద. మామూ సాబ్ నోరు మూసుకుంటే, అది ఎంత దూరమో, ఎంతసేపట్ల పోతనో నేను ఎవరిని అడగాలె, అంటుంది. అందుకని పిలగాని చేతి గడియారమే లెక్కల పెట్టుకోమంటుంది."

పెళ్లికూతురు అడిగిన మొదటి మాట కాదనడానికి పర్వేజ్ సాబ్‌కు నోరు రాలేదు. పైగా తన కూతురు ఎంత దూరం పోబోతోందో తనకూ తెలుసుకోవాలనే ఉంది. టికెట్ కాగితంలో టైము రాసి ఉంది గాని, దూరం రాసి లేదు. ఆయన గడియారాన్ని మునవ్వర్ చేతికిచ్చి, ఫకీర్ సాబ్ వైపు తిరిగాడు.

"చెప్పుండ్రి మరి. పిల్ల అడుగుతుంది."

ఫకీర్ సాబ్ టోపీ సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. నాలుగు గంటలుగా మూసి పెట్టిన నోరు తెరిచాడు.

"చూడు బేటీ. నాలుగు వేల నూరు కిలోమీటర్లు. ఇమానంల కూసునేది ఐదుంబావు గంటలు, పొయ్యేటప్పుడైనా వచ్చేటప్పుడైనా. కానీ గడియారం మీద పొయ్యేటప్పుడు రెండూ ముప్పావే. ఈడ పగటీలి పన్నెండుకు ఎక్కితే ఆడ మూడు గూడ కాకముందే దిగుతవు. వచ్చేటప్పుడు ఏడూ ముప్పావు. హోటల్ ఏడ ఉండదు, అన్నం కట్టుకొని పో."

"లోపలనే పెడ్తరు మామూ" అన్నాడు మునవ్వర్.

"ఇమానం నడిసేటప్పుడే పెడ్తరా?" ఫకీర్ సాబ్ ఆశ్చర్యపోయాడు. జేబులోంచి నోటుబుక్కు తీసి, గాలి దూరాల్లో జెద్దా పేజీ తెరిచి, రెండు నిమిషాలు నిలబడి రాసుకున్నాడు. తర్వాత వంటమనిషి వైపు తిరిగి, అడుగున ఏమైనా మిగిలిందా అని అడిగాడు.